వంటింటి ప్రశ్నలు: బత్తాయి పెరుగు చేదెక్కింది

ప్రశ్న: అక్కా, మాకు మిర్యాలగూడ దగ్గర బత్తాయి తోట ఉంది. దసరాకి ఆడబిడ్డ పిల్లలొస్తే బత్తాయి తొనలు, చక్కెర పెరుగులో కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. రెండు గంటలాగి తీస్తే గిన్నె అడుగున నీళ్లు, నోట్లో పెడితే చేదు. పిల్లలు ఒక్క చెంచాతో వదిలేశారు. పెరుగు పాడైందా? సీతాఫలంతో చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: పెరుగుది తప్పు కాదు చెల్లీ, బత్తాయి గుణమే అంత. తొన చిట్లి రసం బయటికొచ్చాక అందులో లిమోనిన్ అనే చేదు మెల్లగా పుడుతుంది. జ్యూస్ బండి దగ్గర కాయ కోసి అప్పటికప్పుడే తాగేస్తాం కాబట్టి మనకది తెలియదు. తెల్ల పొర, గింజ కూడా పడితే ఇంకా చేదు. బత్తాయే కావాలంటే పొర ఒలిచి, వడ్డించే నిమిషంలో పైన వేయండి. నన్నడిగితే బత్తాయిని ఉప్పు, కారం అద్దుకుని తినడమే మేలు.

సీతాఫలం మాత్రం పెరుగుకి బాగా కుదురుతుంది. మాది బాలానగర్ వైపు. ఈ రోజుల్లో జడ్చర్ల దాకా రోడ్డు పక్కన గంపలే గంపలు. కళ్లు విచ్చుకున్న కాయలు కొని, బియ్యం డబ్బాలో ఒకటి రెండు రోజులు మాగబెట్టండి. మెత్తబడ్డ రోజే వాడాలి, మర్నాటికి నల్లబడతాయి.

ముందు రాత్రి లీటరు చిక్కటి పాలు తోడేయండి. పెరుగు పులవకముందే పల్చటి నూలు గుడ్డలో మూటగట్టి, కింద గిన్నె పెట్టి, ఫ్రిజ్‌లో నాలుగు గంటలు వేలాడదీయండి. దాదాపు సగానికి సగం తేట దిగిపోతుంది. మీ గిన్నెలో చేరిన నీళ్లు ఈ తేటే. చక్కెర పడితే పెరుగు మరింత నీరొదులుతుంది. తేటను పారబోయకండి, చపాతీ పిండి కలుపుకోవచ్చు.

మూడు పెద్ద కాయల గుజ్జు తీసి, స్టీలు జల్లెడలో వేసి చెంచా వెనకతో రుద్దండి. గింజలు పైన మిగిలిపోతాయి. మిక్సీలో మాత్రం వద్దు. గింజ నలిగితే చేదు, పైగా విషం. మా ఊళ్లో ఆ గింజల పొడి పేలకు రాసేవాళ్లు, కంట్లో పడితే ఎంత మంటో చిన్నప్పుడు చూశాను. పిల్లలకు దూరంగా పారేయండి.

గట్టి పెరుగుని చెంచాతో మెత్తగా చేసి, రెండు చెంచాల చక్కెర పొడి, చిటికెడు ఇలాచీ పొడి వేయండి. గుజ్జుని తినే ముందు కలపండి. గుజ్జు పల్చగా ఉందని ఒకసారి నేను స్టవ్ మీద పెట్టాను. సీతాఫలం వేడి తగిలితే చేదెక్కుతుందని అప్పుడు తెలిసింది. గిన్నెడు గుజ్జు మా బర్రె కుడితిలోకి పోయింది.

ఎండాకాలం ఇలాగే కొల్లాపూర్ మామిడితో చేసుకోవచ్చు. పచ్చి బొప్పాయి, అనాస మాత్రం పెరుగులో నానబెట్టొద్దు, అవి పాల మాంసకృత్తుల్ని విరిచి చేదు చేస్తాయి. అనాసను చక్కెరతో ఉడికించి చల్లార్చి వేస్తే ఏమీ కాదు.