ఇనాక్ పవెల్ 1968లో అసలేమన్నాడు, అంత గొడవ ఎందుకైంది?

పవెల్ బ్రిటన్‌లో కన్జర్వేటివ్ ఎంపీ, వుల్వర్‌హాంప్టన్ నుంచి గెలిచాడు, అప్పటికి ప్రతిపక్షంలో డిఫెన్స్ వ్యవహారాలు చూస్తున్నాడు. 1968 ఏప్రిల్ 20న బర్మింగ్‌హామ్‌లో పార్టీ మీటింగ్‌లో మాట్లాడుతూ, కామన్వెల్త్ దేశాల నుంచి వలసలు ఇలాగే సాగితే దేశం నాశనమైపోతుందని, రోమ్‌లోని టైబర్ నది రక్తంతో నురగలు కక్కుతున్నట్టు కనిపిస్తోందని పాత రోమన్ కవి మాట ఎత్తుకున్నాడు. అప్పుడే ఇల్లు, ఉద్యోగం ఇచ్చే దగ్గర రంగు చూసి వివక్ష చూపకూడదని ఒక బిల్లు పార్లమెంట్‌లో ఉంది, ఆయన కోపం దాని మీద కూడా.

మర్నాడే పార్టీ లీడర్ హీత్ ఆయన్ని పదవి నుంచి పీకేశాడు. కానీ లండన్ డాక్ కార్మికులు ఆయనకి సపోర్ట్‌గా పార్లమెంట్ దాకా ర్యాలీ తీశారు, జనంలో చాలామంది ఆయన వైపే ఉన్నారు, నాకు ఎక్కువ బాధనిపించేది ఇదే. ఎందుకంటే పేరు కూడా చెప్పకుండా ఎవరో ముసలావిడ గురించి వచ్చిన ఉత్తరం అని చదివి వినిపించి నల్లవాళ్ల మీద భయం రేపాడు, ఆ భయాన్ని రోజూ వీధిలో భరించింది మాత్రం అక్కడ పని చేసుకుని బతికే వెస్టిండీస్, ఇండియా, పాకిస్తాన్ కుటుంబాలు. బిల్లు మాత్రం ఆగలేదు, అదే ఏడాది చట్టమైంది.