టెక్ సందేహాలు: ఇంటికి ఏ కంప్యూటర్ కొనాలి?

వేసవి సెలవులు ముగిసే రోజుల్లో ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో చాలావరకు ఒకే ప్రశ్న ఉంటుంది. ల్యాప్‌టాప్ కొనాలా, డెస్క్‌టాప్ కొనాలా, బడ్జెట్ ఇంత, ఏది మంచిదో చెప్పండి అని అడుగుతారు గానీ, దాన్ని ఎవరు వాడతారో, ఎక్కడ పెట్టి వాడతారో, దానితో ఏం పని చేసుకుంటారో మాత్రం రాయరు. ఈసారి ఆ వివరాలు రాసినవారి ఉత్తరాలనే ఎంచుకున్నాను.

మా పాప పదో తరగతికి, బాబు ఇంటర్ మొదటి సంవత్సరానికి వచ్చారు. ఇద్దరికీ కలిపి ఒక కంప్యూటర్ కొనాలి. 40 వేలు దాటకూడదు. షాపులో ల్యాప్‌టాపే తీసుకోమంటున్నారు. – ఒక పాఠకురాలు, ఖమ్మం

ఇంటర్ చదివే అబ్బాయి కాలేజీకి కంప్యూటర్ మోసుకెళ్లడు, పదో తరగతి అమ్మాయి బడికి అసలే మోసుకెళ్లదు. ఇంట్లో ఒక బల్ల మీద ఉంచి ఇద్దరూ వంతులవారీగా వాడుకునే యంత్రం ల్యాప్‌టాపే ఎందుకు కావాలని అడిగితే షాపువాళ్ల దగ్గర జవాబు ఉండదు, స్టాకు మాత్రం ఉంటుంది. ఇల్లు కదలని ల్యాప్‌టాప్ ఏడాది పొడవునా చార్జర్‌కు తగిలించే ఉంటుంది. లిథియం అయాన్ బ్యాటరీ ఎప్పుడూ నూరు శాతం చార్జింగ్‌తో, వేడిలో ఉంటే త్వరగా పాడవుతుంది, కొన్నిసార్లు ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను పైకి నెడుతుంది. అలా ఉబ్బినట్టు కనిపిస్తే నొక్కి సరిచేసే ప్రయత్నం చేయకుండా వెంటనే వాడకం ఆపి బ్యాటరీ మార్పించాలి. ఇప్పటికే ల్యాప్‌టాప్ కొని బల్లకు అంకితం చేసినవారు చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టే సెట్టింగ్ తమ యంత్రంలో ఉందేమో చూసుకోవాలి.

మీ అవసరానికి డెస్క్‌టాప్ గానీ, మినీ పీసీ గానీ సరిపోతుంది. డెస్క్‌టాప్‌లో కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పోతే ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే మారుస్తారు, కీబోర్డు మీద పాలు ఒలికితే కీబోర్డు ఒక్కటే మారుస్తారు. ల్యాప్‌టాప్‌లో అదే పాలు మదర్‌బోర్డు దాకా దిగుతాయి. మినీ పీసీ అరచేతిలో పట్టేంత పెట్టె, చాలా మానిటర్లకు వెనుకవైపు బిగించుకోవచ్చు. అందులో ఎక్కువగా ల్యాప్‌టాప్‌లలో వాడే రకం ప్రాసెసరే ఉంటుంది కాబట్టి కరెంటు తక్కువ తీసుకుంటుంది, ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీదే నడుస్తుంది. అయితే ఇన్వర్టర్ వెనుక ఉండే స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలోనే కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, సేవ్ చేయని పని పోతుంది.

మానిటర్‌లోనే కంప్యూటర్ ఇమిడిపోయే ఆల్ ఇన్ వన్ రకం మీద నాకు మొదటి నుంచీ సదభిప్రాయం లేదు. తెర పోయినా, లోపలి బోర్డు పోయినా మొత్తం యంత్రాన్ని మోసుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలి, తీరా కాలం చెల్లిన రోజున బాగా ఉన్న తెరను కూడా మూల పడేయాలి. చూడటానికి బాగుంటుందన్న మాట నిజమే, బ్యాంకు కౌంటర్ల మీద పెట్టుకోవచ్చు.

మీ బడ్జెట్‌లో తప్పనిసరిగా వదిలేయవలసింది మరొకటి ఉంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ అనే నెమ్మది రకం స్టోరేజీతో పండుగ ఆఫర్లలో కనిపించే చవక ల్యాప్‌టాప్‌లు. విండోస్ 11 ఎక్కించడానికి కనీసం ఉండవలసినవిగా ప్రకటించిన అంకెలు సరిగ్గా ఇవే. ఆ కనీసాన్నే వస్తువుగా తయారు చేసి, పైగా ర్యామ్‌ను, స్టోరేజీని బోర్డుకే టంకం వేసి, రేపు పెంచుకునే దారి కూడా మూసేసి, దానికి 'విద్యార్థుల కోసం' అని స్టిక్కర్ అంటించడం నా దృష్టిలో బాధ్యత లేని పని. ఏడాది తిరిగేసరికి పెద్ద అప్‌డేట్‌కు జాగా చాలడం లేదన్న సందేశం వస్తుంది. పిల్లలు దాన్ని మూసేసి హోంవర్క్ చేసుకుంటారు. యంత్రం నెమ్మదించడం చిన్న ఇబ్బందే. భద్రతా అప్‌డేట్లు ఆగిపోవడం అసలు ఇబ్బంది, అది తెర మీద కనబడదు. 8 జీబీ కంటే తక్కువ ర్యామ్‌కు, ఎస్‌ఎస్‌డీ అనే వేగవంతమైన రకం కాని స్టోరేజీకి డబ్బు పెట్టవద్దు.

ఇద్దరు పిల్లలకూ వేర్వేరు అకౌంట్లు తెరవండి, రెండూ అడ్మినిస్ట్రేటర్ (యంత్రంలో ఏ మార్పైనా చేసే అధికారం ఉన్న అకౌంట్) కానివే అయి ఉండాలి. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి.

ఐ7 ప్రాసెసర్ ఉన్న రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ 20 వేలకు ఇస్తామంటున్నారు. విండోస్ 11, ఆఫీసు, ఫొటోషాప్ అన్నీ ఉచితంగా వేసి ఇస్తారట. కొత్త ఐ3 కంటే ఇదే నయం కదా? – ఒక డిగ్రీ విద్యార్థి, గుంటూరు

ఐ7 అన్న పేరు కాదు, దాని పక్కనున్న అంకె చదవండి. ఐ7-6600యూ అని ఉంటే అది ఆరో తరం, అందులో ఉన్నవి రెండే కోర్లు, అంటే లెక్కలు చేసే విభాగాలు. ఐ5-8250యూ ఎనిమిదో తరం, నాలుగు కోర్లు. పన్నెండో తరం ఐ3-1215యూలో ఆరు కోర్లు ఉన్నాయి. అంటే పాత ఐ7 కంటే కొత్త ఐ3 ఎంతో మెరుగు కావచ్చు. వేగం సంగతి అటుంచితే, ఈ రకం ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మాత్రమే విండోస్ 11 అధికారికంగా పనిచేస్తుంది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి. ఆరో తరం యంత్రంలో విండోస్ 11 కనిపిస్తోందంటే ఆ తనిఖీని దాటవేసి ఎక్కించారన్న మాట. అలాంటి యంత్రానికి ఇకముందు అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఏదీ లేదు.

రీఫర్బిష్డ్ యంత్రాలకు నేను వ్యతిరేకిని కాను. సికింద్రాబాద్‌ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మొదలుకొని జిల్లా కేంద్రాల్లోని చిన్న షాపుల దాకా, కంపెనీలు వాడి వదిలేసిన గట్టి ల్యాప్‌టాప్‌లు దొరుకుతూనే ఉన్నాయి, కొత్త చవక ల్యాప్‌టాప్ కంటే వాటి కీబోర్డూ, తెర మడిచే హింజూ ఎక్కువ కాలం మన్నుతాయి. నన్ను కలవరపెడుతున్నది మీ ఉత్తరంలోని 'ఉచితంగా వేసి ఇస్తారట' అన్న మాట.

డబ్బు కట్టని విండోస్‌ను, ఆఫీసును కట్టినట్టు నమ్మించడానికి యాక్టివేటర్ అనే చిన్న ప్రోగ్రామ్ నడుపుతారు. నడిపే ముందు యాంటీవైరస్ ఆపమని దానితో వచ్చే సూచనల్లోనే ఉంటుంది. తాళం తీసిపెట్టి దొంగను లోపలికి పిలవడానికీ దీనికీ తేడా లేదు. ఇలాంటి ప్రోగ్రాముల వెంట పాస్‌వర్డులు దొంగిలించే మాల్‌వేర్ రావడం కొత్త సంగతి కాదు. అది ఫైళ్లను పాడు చేయదు, తెర మీద ఏమీ చూపించదు, యంత్రాన్ని నెమ్మదింపజేయదు. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డులతో పాటు, మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారని వెబ్‌సైట్లకు తెలిపే కుకీలను కూడా కాపీ చేసి పంపేస్తుంది. 'ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది కదా, ఏం భయం' అనేవారు ఇక్కడే పొరబడుతున్నారు. లాగిన్ అయిపోయిన కుకీ చేతికి చిక్కినవాడిని వెబ్‌సైట్ చాలాసార్లు ఓటీపీ అడగదు. మీ ఈమెయిల్ ఒక్కటి వాడి చేతికి పోతే, మిగిలిన ఖాతాల పాస్‌వర్డులు మార్చుకునే లింకులన్నీ ఆ ఈమెయిల్‌కే వెళతాయి.

కొనేముందు షాపులోనే రెండు చోట్ల చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరవండి. మీ సంస్థకు చెందిన యాక్టివేషన్ సర్వీసు ద్వారా యాక్టివేట్ అయిందని అక్కడ ఉంటే, అది ఏ సంస్థ అని అడగండి. ఇంట్లో వాడుకునే యంత్రానికి సంస్థ ఉండదు. తరువాత విండోస్ సెక్యూరిటీలో వైరస్ రక్షణ సెట్టింగులకు వెళ్లి ఎక్స్‌క్లూజన్స్ జాబితా చూడండి. కొత్తగా విండోస్ వేసిన యంత్రంలో ఆ జాబితా ఖాళీగా ఉండాలి. అక్కడ ఏదైనా ఫోల్డర్ పేరు కనిపిస్తే, దాని జోలికి వెళ్లవద్దని యాంటీవైరస్‌కు ఎవరో చెప్పిపెట్టారని అర్థం.

నిజానికి ఈ యాక్టివేటర్ తతంగం అవసరమే లేదు. విండోస్ 10తో అమ్మకానికి వచ్చిన కంపెనీ ల్యాప్‌టాప్‌లలో అసలైన లైసెన్సు కీ సాధారణంగా మదర్‌బోర్డులోనే నిక్షిప్తమై ఉంటుంది. విండోస్ తయారీదారు సైటు నుంచి దించుకున్న టూల్‌తో పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని, డిస్క్ మొత్తం తుడిచి అదే ఎడిషన్‌ను (హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో) మళ్లీ ఎక్కిస్తే, ఇంటర్నెట్ తగలగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. షాపువాళ్లు ఎంత చక్కగా సిద్ధం చేసి ఇచ్చినా, పాత యంత్రం కొన్న ప్రతి ఒక్కరూ మొదటి రోజు ఈ పని చేసి తీరాలి. అలా ఎక్కించే సమయంలో ఏదైనా కంపెనీ పేరు చూపించి ఆఫీసు ఈమెయిల్ అడిగిందంటే, ఆ యంత్రం ఇంకా పాత యజమాని ఖాతాలోంచి విడుదల కాలేదు. బిల్లుతో సహా వెనక్కి ఇచ్చేయండి. ఆఫీసు బదులు లిబ్రే ఆఫీస్ ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతుంది, డిగ్రీ ప్రాజెక్టు రిపోర్టుకు అది చాలు.

డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. విండోస్ 7 సిస్టమ్‌లో పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఆల్ ఇన్ వన్‌కో ల్యాప్‌టాప్‌కో మారమని అందరూ చెబుతున్నారు. ఉన్నది బాగానే ఉంది కదా? – ఒక పాఠకుడు, ఒంగోలు

మీ పనికి బాగానే ఉంది, మీ ఖాతాదారులకు బాగా లేదు. విండోస్ 7కు మద్దతు, అంటే మామూలుగా అందరికీ ఇచ్చే భద్రతా అప్‌డేట్లు, 2020 జనవరి 14తోనే ముగిసింది. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఇళ్లలో వాడేవారికి నమోదు చేసుకుంటే ఇచ్చే అదనపు భద్రతా అప్‌డేట్ల గడువు 2026 అక్టోబర్ 13. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. శుభలేఖలు, కరపత్రాలు అను ఫాంట్ల నుంచి, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చుకోమని చెప్పడం తేలికే గానీ, ఇన్నేళ్లుగా చేతివేళ్లకు అలవాటైన కీబోర్డు లేఅవుట్‌ను, పాత ఫైళ్లన్నింటినీ ఒక్క రోజులో మార్చుకోలేరని నాకు తెలుసు.

కాబట్టి ఆ పాత సిస్టమ్‌ను పారేయకండి, దాని ఇంటర్నెట్ వైరు మాత్రం తీసేయండి. అది టైపింగుకు, లేఅవుట్‌కు పరిమితం కావాలి. ఈమెయిల్, వాట్సాప్ వెబ్, ఆన్‌లైన్ దరఖాస్తులకు ఒక మినీ పీసీ పెట్టుకోండి, పాత మానిటర్‌కే తగిలించుకోవచ్చు. ఖాతాదారులు తెచ్చే పెన్‌డ్రైవ్‌లను ముందు ఆ కొత్త యంత్రంలో స్కాన్ చేసి, పీడీఎఫ్‌ను గానీ ఫొటోను గానీ మీ సొంత పెన్‌డ్రైవ్‌తో పాతదానికి చేర్చండి.

ఇంకొక మాట, ఇది మీ ఒక్కరికే కాదు. డీటీపీ, జిరాక్స్ సెంటర్లలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఊళ్లో సగం మంది ఆధార్, పాన్ కాపీలు వరుసగా కనిపిస్తాయి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉందన్న ధీమా అక్కర్లేదు. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అది తెరుచుకుంటుంది, ఆ రెండూ పక్కనే ఉన్న టెన్త్ మెమోలో ఉంటాయి. రోజూ దుకాణం మూసే ముందు ఆ ఫోల్డర్‌నూ రీసైకిల్ బిన్‌నూ ఖాళీ చేయండి. ప్రింటుకు వెళ్లేవారు కూడా, వీలున్న చోటల్లా మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ తీసుకెళ్లాలి. పని కాగానే 'అన్నా, నా ఫైల్ డిలీట్ చెయ్యి' అని అడగడానికి మొహమాటపడకూడదు.

బ్రౌజర్, క్లాసులు, వీడియోలు తప్ప మరేమీ వాడను. క్రోమ్‌బుక్ సరిపోతుందా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

సరిపోతుంది. క్రోమ్‌బుక్ అంటే విండోస్ బదులు గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్. ఎవరో పంపిన విండోస్ ప్రోగ్రామ్ దాని మీద మామూలుగా నడవదు కాబట్టి గుంటూరు విద్యార్థికి చెప్పిన పాస్‌వర్డుల దొంగ బెడద కూడా తక్కువ. టాలీ నేర్చుకోవాలన్నా, కాలేజీ ఇచ్చే విండోస్ సాఫ్ట్‌వేర్ వాడాలన్నా మాత్రం ఇది పనికిరాదు. ఈ రకానికి పదేళ్ల అప్‌డేట్లు ఇస్తామని 2023లో ప్రకటించారు గానీ, ఆ పదేళ్లను మీరు కొన్న రోజు నుంచి లెక్కించరు, ఆ మోడల్ ప్లాట్‌ఫామ్ విడుదలైన రోజు నుంచి లెక్కిస్తారు. ఆఫర్‌లో ఉన్న పాత మోడల్‌కు ఎన్నేళ్లు మిగిలాయో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

డాలస్‌లో ఉండే మా అబ్బాయి తన ల్యాప్‌టాప్ ఇచ్చి వెళ్లాడు. మొన్న అప్‌డేట్ తరువాత నీలి రంగు తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. షాపులో ఫార్మాట్ చేయాలంటున్నారు. డెస్క్‌టాప్ అయితే ఈ బాధ ఉండేది కాదట, నిజమేనా? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ

నిజం కాదు. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే కీ లేనిదే ఎవరూ చదవలేని రూపంలో ఉంచే ఈ ఏర్పాటు కొత్త డెస్క్‌టాప్‌లలోనూ ఉంటుంది. రైల్లో ల్యాప్‌టాప్ పోయినా అందులోని ఫైళ్లు దొంగ చదవలేకపోవడానికి అదే కారణం, కాబట్టి దాన్ని నేను తప్పుపట్టను. అయితే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు అది తనంతట తానే మొదలై, కీ ఎక్కడ దాచిందో వాడేవారికి నోరు తెరిచి చెప్పకపోవడం మాత్రం క్షమించలేని డిజైన్.

ఫార్మాట్ చేయించవద్దు, చేస్తే ఫైళ్లన్నీ పోతాయి. ఆ నీలి తెర మీద కీ ఐడీ అని కొన్ని అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. వాటిని ఫోన్‌తో ఫొటో తీసి, డాలస్‌లో తెల్లవారాక మీ అబ్బాయికి పంపండి. మొదట ఆ ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయిన ఖాతా అతనిదే కాబట్టి, ఖాతా పేజీలో ఆ యంత్రం పేరు కింద రికవరీ కీ దొరికే అవకాశం ఎక్కువ. కీ ఐడీ సరిపోలిన దాన్నే ఎక్కించాలి. కంప్యూటర్ తెరుచుకున్నాక మీ సొంత ఖాతాకు మారండి, రికవరీ కీ ఆ ఖాతాలో చేరిందో లేదో చూసుకోండి, ఒక కాగితం మీద ప్రింటు తీసుకుని బ్యాంకు పాస్‌బుక్కులు ఉన్నచోట దాచండి. ల్యాప్‌టాప్ సంచిలో మాత్రం పెట్టవద్దు.