సింక్రనస్ అంటే ఏంటి? సైన్స్‌లో ఒకలా, కోడింగ్‌లో ఇంకోలా ఎందుకు వాడతారు?

సైన్స్‌లో అయితే రెండు పనులు ఒకే టైమింగ్‌కి కట్టుబడి నడవడం అండి. మన కరెంట్ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ కదా, అందుకే రెండు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న జనరేటర్ నిమిషానికి 3000 సార్లు తిరగాలి, దాన్ని లైన్‌కి కలిపేముందు వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఫేజ్ (కరెంట్ తరంగం ఏ దశలో ఉందనేది) అన్నీ మ్యాచ్ అయ్యాయో లేదో చూసుకున్నాకే బ్రేకర్, అంటే కలిపే స్విచ్, వేస్తారు, తేడా ఉంటే షాఫ్టే దెబ్బతినొచ్చు. చంద్రుడిది కూడా సింక్రనస్ రొటేషనే, అంటే తన చుట్టూ తాను తిరగడానికీ భూమి చుట్టూ తిరగడానికీ ఒకే టైమ్ పడుతుంది, అందుకే మనకి ఎప్పుడూ ఒకే వైపు కనిపిస్తుంది.

చాలామంది తికమక పడేది కోడింగ్ దగ్గరే. ఇక్కడ సింక్రనస్ కాల్ అంటే పిలిచిన ఫంక్షన్ పని ముగించి రిజల్ట్ ఇచ్చేదాకా తర్వాతి లైన్ కదలదు. నోడ్ జేఎస్‌లో (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ కోడ్ నడిపే సాఫ్ట్‌వేర్) రీడ్‌ఫైల్‌సింక్ అనే ఫైల్ చదివే సింక్రనస్ ఫంక్షన్ వాడి పెద్ద ఫైల్ ఓపెన్ చేశారనుకోండి, అది మొత్తం చదివేదాకా ఆ ప్రాసెస్ ఇంకెవరి రిక్వెస్టూ పట్టించుకోదు, కాబట్టి సర్వర్ కోడ్‌లో దాన్ని దయచేసి వాడొద్దు, సర్వర్ స్టార్ట్ అయ్యేటప్పుడు కాన్ఫిగ్ (సెట్టింగ్స్) ఫైల్ చదవడానికైతే పర్లేదు.