ఇంటి వెనక కాలిబాట, ఏడాది పొడుగునా

నవంబరులో ఇక్కడికి, బ్రిటన్‌కి, వచ్చిన ఓ చెల్లెలు మొన్న ఫోన్ చేసింది. "అక్కా, నాలుగయ్యేసరికే చీకటి. ఆయన ఆఫీసుకెళ్తే గోడలు చూస్తూ కూర్చుంటున్నా. వెనక పొలాల్లోకి వెళ్లి నడవొచ్చా? ఎవరైనా కేకలేస్తారేమోనని భయంగా ఉంది." కొత్తగా వచ్చిన చాలామంది అడిగేదే కాబట్టి ఆమెకు చెప్పినవి ఇక్కడా రాస్తున్నాను.

నిక్షేపంగా నడవొచ్చు. పొలం రైతుదే, కానీ దాని మధ్యగా పోయే పబ్లిక్ ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు అందరిదీ. ఇంగ్లండ్, వేల్స్‌లలో గుంజకు కొట్టిన పసుపుపచ్చ బాణం దాని గుర్తు. మీరు ఏ వీసా మీద ఉన్నా ఎవరూ అడగరు. నీలం బాణమైతే గుర్రాలూ సైకిళ్లూ కూడా వస్తాయి. ఇక్కడి మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల 1:25,000 మ్యాపులో ఈ బాటలు ఆకుపచ్చ గీతలుగా కనిపిస్తాయి. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి. దూడలున్న ఆవుల మధ్యలోంచి మాత్రం పోకండి, చుట్టు తిరిగి వెళ్లండి.

నేను చెప్పేది ఒకటే. లేక్ డిస్ట్రిక్ట్‌కో స్కాట్లండ్‌కో వెళ్తేనే ప్రకృతి అనుకోకుండా, ఇంటికి దగ్గర్లో ఒక బాట ఎంచుకుని ఏడాదంతా దాని మీదే నడవండి. రోజూ చూసే దారి అయితేనే నిన్న లేనిది ఇవాళ ఏమొచ్చిందో తెలుస్తుంది.

చలికాలంలో మొదలుపెట్టడమే మేలు. చెట్లకు ఆకులుండవు, పిట్టలు దాక్కోలేవు. మిగతావి చాలావరకు మౌనంగా ఉన్నా రాబిన్ పాడుతూనే ఉంటుంది. మన పిచ్చుకంత పిట్ట, నారింజ రంగు రొమ్ము. ఆడదీ మగదీ దేని జాగా అది కాపాడుకుంటూ పాడతాయి, వీధిదీపం కింద అర్ధరాత్రి కూడా. జనవరి రాత్రుల్లో పెరటి వైపు నుంచి ఆడమనిషి గొంతు చించుకున్నట్టు అరుపు వినిపిస్తే కంగారుపడకండి. అది నక్క, జతకట్టే కాలం. నా మొదటి చలికాలం ఆ అరుపుకి రాత్రంతా నిద్ర పట్టలేదు, చెప్పేవాళ్లు లేక.

జనవరి చివరి వారాంతంలో పిట్టల్ని కాపాడే ఆర్‌ఎస్‌పీబీ అనే సంస్థ దేశమంతటా పిట్టల లెక్క పెట్టిస్తుంది. 1979 నుంచీ జరుగుతోంది. సభ్యత్వం అక్కర్లేదు, పెరడు లేకపోతే పార్కులో కూర్చోవచ్చు. ఒక గంటపాటు చూసి, ఒక్కో రకం ఒకేసారి ఎన్ని కనిపించాయో, అందులో ఎక్కువ సంఖ్య రాయాలి. వచ్చిన పిట్టనే మళ్లీ మళ్లీ కలపకూడదు. పిల్లలుంటే తప్పకుండా కూర్చోబెట్టండి, పేర్లు వాళ్లకే ముందు వచ్చేస్తాయి.

పిచ్చుకల కోసం చూరుకు వరికంకులు కట్టే అలవాటు మనది, ఇక్కడా గింజలు పెట్టాలనిపిస్తుంది. ఉప్పు లేని అన్నం కొంచెం పెట్టొచ్చు. పులిహోర, తాలింపు అన్నం, ఉప్పు పల్లీలు వద్దు. మిగిలింది పొద్దుగూకేలోగా తీసేయండి, లేకపోతే ఎలుకలొస్తాయి. గింజలు వేసి వేలాడదీసే ఫీడర్‌ను వారానికోసారైనా కడగండి. మురికి ఫీడర్ల దగ్గర అంటుకునే జబ్బుతో గ్రీన్‌ఫించ్ పిట్టలు దారుణంగా తగ్గిపోయాయి.

ఉగాది నాడు ఇక్కడ కోకిల కూయదు. ఇక్కడి కుక్కూ ఆఫ్రికా నుంచి ఏప్రిల్‌లో వస్తుంది. రంగు బూడిద, ఆకారం డేగలా, కూత రెండే స్వరాలు. మన కోకిల కూతలా పైపైకి పోదు, దిగుతుంది. మన కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్టే ఇదీ చిన్న పిట్టల గూళ్లలో పెట్టి పోతుంది. ఇదీ ఏటేటా తక్కువైపోతున్న పిట్టే. అందుకే మీ బాట మీద ఒక్కసారి వినిపించినా ఆగి వినండి.

ఏప్రిల్ చివర్లో బీచ్ అనే రకం చెట్ల అడవుల్లో నేలంతా నీలం పరుచుకుంటుంది. బ్లూబెల్స్. ప్రపంచంలోని బ్లూబెల్స్‌లో దాదాపు సగం ఈ దేశంలోనే ఉన్నాయి. మనవాళ్లు పట్టుచీరలతో, చంటిపిల్లలతో ఫొటోల కోసం ఆ పూల మధ్యలోకి దిగడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. తొక్కిన ఆకు మళ్లీ లేవదు, దుంపకు తిండి అందదు, ఆ మడి కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. దయచేసి బాట మీద నిలబడే ఫొటో తీసుకోండి. దుంపలు తవ్వడం 1981 నాటి చట్టం ప్రకారం నేరం. పిట్ట ఉన్న గూడు జోలికి పోయినా అంతే.

నేనుండే చిల్టర్న్ కొండల్లో తలెత్తితే గద్ద కనిపిస్తుంది. చీలిన తోక, తుప్పురంగు ఒళ్లు. రెడ్ కైట్ అంటారు, మన ఊళ్లో కోడిపిల్లల్ని తన్నుకుపోయే గద్దకు దగ్గరి చుట్టం. దీన్ని కాల్చి, విషం పెట్టి, 19వ శతాబ్దం చివరికల్లా ఇంగ్లండ్‌లో లేకుండా చేశారు. వేల్స్ కొండల్లో కొన్నే మిగిలాయి. 1989 నుంచి 1994 దాకా స్పెయిన్ నుంచి పిల్లల్ని తెచ్చి ఇక్కడ వదిలారు. ఇప్పుడు ఎం40 హైవే మీద కారులో పోతున్నా నెత్తిన తిరుగుతుంటాయి. పెరట్లో చికెన్ కాల్చుకున్న రోజు మిగిలిన ముక్కలు వాటికి విసరకండి. వండిన మాంసం వాటి పిల్లల ఎముకలకు చాలదు, పైగా మనిషి చేతిలోది లాక్కోవడం అలవాటవుతుంది.

లండన్‌లో ఉంటే మాత్రం పార్కులో రామచిలుకలు పలకరిస్తాయి. అచ్చం మన జామచెట్టు మీద వాలేవే, అదే జాతి.

వేసవిలో స్విఫ్ట్ పిట్టలు మే మొదట్లో వచ్చి ఆగస్టుకి వెళ్లిపోతాయి, ఇళ్ల కప్పుల మీదుగా కీచుమంటూ గుంపుగా దూసుకుపోతాయి. పొడుగు గడ్డిలోకి వెళ్తే కాళ్లు కప్పుకోండి. మన పశువులకు పట్టే పిడుదు లాంటి టిక్ ఇక్కడ మనుషులకూ పడుతుంది. పట్టుకుంటే సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా పైకి లాగండి. తర్వాత వారాల్లో గుండ్రటి ఎర్ర దద్దు లేస్తే జీపీకి, అంటే మీ ఇంటి దగ్గరి డాక్టరుకి, చెప్పండి, లైమ్ జబ్బు కావచ్చు.

అక్టోబరులో లండన్‌లోని రిచ్‌మండ్ పార్కులో దుప్పుల బొబ్బలు వినొచ్చు. జతకట్టే కాలం, మగవి కొమ్ములతో కుమ్ముకుంటాయి, 50 మీటర్ల దూరం తప్పనిసరి. దీపావళికి కాస్త అటూ ఇటూగా నవంబరు 5న ఊరూరా నెగళ్లు వేస్తారు. పుల్లల కుప్పల్లో హెడ్జ్‌హాగ్‌లు, ఒళ్లంతా ముళ్లుండే చిన్న జంతువులు, నిద్రకు దూరతాయి. మీరూ వేస్తుంటే ఆ కుప్పను అదే రోజు విప్పి వేరేచోట పేర్చి వెలిగించండి. పెరట్లో హెడ్జ్‌హాగ్ కనిపిస్తే పాలు పోయకండి, దానికి అరగవు, నీళ్లు పెట్టండి.

ఇక ఆ చెల్లెలికి చెప్పింది: రేపు భోజనం చేసి రెండింటికల్లా బయల్దేరు. వెలింగ్టన్ బూట్లు, అంటే పొడుగు రబ్బరు బూట్లు, వేసుకో, బురద మడమల దాకా ఉంటుంది. గేటు దాటాక పొద మీద రాబిన్ ఉంటుంది, ముందు దాన్ని చూడు. చీకటి పడేలోపు ఇంటికొచ్చి ఏం చూశావో ఫోన్ చేసి చెప్పు.