కిటికీ అద్దాల క్లీనింగ్ పనితో ఇల్లు గడవాలంటే లెక్క ఇలా వేసుకోండి

ప్రశ్న: నా వయసు 31. మాది నాగర్‌కర్నూల్ జిల్లా. ఏడేళ్లుగా హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీ తరఫున ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తున్నాను. పీఎఫ్, ఈఎస్ఐ పోను చేతికి 18 వేలు వస్తుంది. మా ఆవిడ ఇంట్లో బ్లౌజులు కుట్టి నెలకు 8 వేల దాకా తెస్తుంది. పాప రెండో తరగతి. అద్దె, స్కూలు ఫీజు, 5 వేల చిట్టీ అన్నీ కలిపి ఖర్చు 26 వేలు. ఆదివారాలు కొండాపూర్ వైపు ఫ్లాట్లలో కిటికీలు క్లీన్ చేస్తున్నాను, ఫ్లాటుకి 900 ఇస్తున్నారు. ఉద్యోగం మానేసి ఇదే చేసుకుందామని ఉంది. బ్యాంకులో 80 వేలున్నాయి. మెషిన్లు, సెకండ్ హ్యాండ్ ట్రాలీ ఆటో కొనుక్కోమని తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు ఇస్తానంటున్నాడు. లేదంటే లక్ష రూపాయల చిట్టీ ఉంది, 20 నెలల్లో 11 కట్టాను, అది పాడేయమంటారా? పెద్ద బిల్డింగుల అద్దాల పని కూడా పట్టొచ్చా? ముందు ముందు నలుగురిని పెట్టుకోవాలని నా ఆశ. మా ఆవిడకి మాత్రం చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఆలోచన మంచిదే. పని చేతిలో ఉంది, డబ్బిచ్చే కస్టమర్లూ కనిపించారు. కానీ 3 లక్షల అప్పు వద్దు. చిట్టీ ఇప్పుడే పాడొద్దు. ఉద్యోగం వచ్చే నెలే మానేయొద్దు. ఈ మూడింటికీ కారణం ఒకటే. మీరు ఇప్పటిదాకా ఫ్లాటుకి ఎంత వస్తుందో చూశారు. అదే ఫ్లాటు వాళ్లు మళ్లీ ఎప్పుడు పిలుస్తారో చూడలేదు. ఈ పనిలో ఇల్లు గడిచేది మళ్లీ మళ్లీ పిలిచే ఇళ్ల మీదే.

ముందు మీకు ఎంత రావాలో చూద్దాం. ఇంటికి మీ వంతు 18 వేలు. ఉద్యోగంలో మీకు కనపడకుండా వచ్చేవి కొన్ని ఉన్నాయి: పీఎఫ్‌లో కంపెనీ వాటా, ఈఎస్ఐ వైద్యం, జీతం కోత లేని సెలవులు. వాటి బదులు మీరే హెల్త్ పాలసీ కట్టుకోవాలి, ముసలితనానికి దాచుకోవాలి, జ్వరమొచ్చిన రోజు ఖాళీగా ఉండాలి. దానికి 4 వేలు వేసుకోండి. పెట్రోలు, లిక్విడ్, బట్టలు, రబ్బర్లు, చెడిపోయిన సామాను మార్చడం, అన్నిటికీ కలిపి ఇంకో 5 వేలు. అంటే నెలకు 27 వేలు వసూలైతేనే మీరు ఇప్పుడున్న చోట ఉన్నట్టు.

ఇది 12 నెలలూ ఒకేలా రాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానల్లో చాలామంది ‘ఎలాగూ మళ్లీ మురికి పడుతుంది కదా, ఆగుదాం’ అంటారు. దసరా, దీపావళి, సంక్రాంతి ముందు ఫోన్లు ఆగవు. అందుకే ఏడాదికి పది నెలల పనే ఉంటుందనుకుని లెక్క వేయండి. 27 వేలను 12తో హెచ్చించి 10తో భాగిస్తే 32,400. పని ఉన్న నెలలో మీ టార్గెట్ ఇదే.

దీన్ని 900తో భాగిస్తే 36 ఫ్లాట్లు. నెలలో 24 రోజులు పని చేస్తే రోజుకు ఒకటిన్నర ఫ్లాటు. చెయ్యగలరు, అందులో సందేహం లేదు. కానీ ఎవరూ నెల నెలా కిటికీలు కడిగించుకోరు. మూడు నెలలకోసారి పిలిచినా, రోజూ పని ఉండాలంటే మీ దగ్గర 108 ఇళ్లుండాలి. మీ ఉత్తరంలో ఈ అంకె లేదు. మీ ఆవిడ టెన్షన్ కూడా దీని గురించే అయ్యుంటుంది.

ఒక్క ఫ్లాట్ల మీదే ఆధారపడకుండా, అద్దాల ముందుభాగం ఉన్న చిన్న షాపులను కూడా కలపండి. క్లినిక్, బేకరీ, సెలూన్, కళ్లజోళ్ల షాపు, మొబైల్ షోరూం. రోడ్డు దుమ్ము వారం తిరిగేసరికి అద్దం మీద పేరుకుంటుంది, షాపు కుర్రాడు తడిగుడ్డతో రుద్దితే చారలు పడతాయి. మీరు వారానికోసారి వెళ్లి లోపల, బయట చేసి 150 అడగండి. షాపుకి నెలకు 600. ఇరవై షాపులైతే 12 వేలు, పండగ ఉన్నా లేకపోయినా వచ్చే డబ్బు. అప్పుడు ఫ్లాట్ల నుంచి రావాల్సింది 20 వేల చిల్లర, అంటే నెలకు 23 ఫ్లాట్లు. మూడు నెలలకోసారి అనుకుంటే మొత్తం 70 ఇళ్లు సరిపోతాయి. ఇరవై షాపులు, డెబ్బై ఇళ్లు. ఒక నోట్‌బుక్ కొని మొదటి పేజీలో ఈ రెండు అంకెలూ రాసుకోండి.

ఆ డెబ్బై ఇళ్లూ నగరమంతా చెదిరి ఉంటే మాత్రం లాభం లేదు. కొండాపూర్‌లో పొద్దున, ఉప్పల్‌లో మధ్యాహ్నం అంటే రెండో ఫ్లాటు డబ్బు ట్రాఫిక్‌లోనే పోతుంది. ఒకటి రెండు గేటెడ్ కమ్యూనిటీలు పట్టుకోండి. నాలుగు వందల ఫ్లాట్లున్న చోట మీకు కావాల్సింది ఆరింట ఒకటి కన్నా కాస్త ఎక్కువ. పని అయిన ఇంటివాళ్లని వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక్క ఫోటో పెట్టమని అడగండి. వచ్చే తేదీ అక్కడే ఖాయం చేసుకుని నోట్‌బుక్‌లో రాసుకోండి. ‘అవసరమైతే పిలుస్తాం’ అన్నవాళ్లను 70లో లెక్కపెట్టొద్దు.

ఇప్పుడు ఆ 900 సంగతి. ఫ్లాటుకి ఇంత అని చెప్పడం మీకే నష్టం. స్లైడింగ్ కిటికీలో అద్దం తుడవడం తేలిక, టైమంతా ట్రాక్ తింటుంది. గాడిలో దుమ్ము, వాన నీళ్లు కలిసి గట్టిపడతాయి, పైన పావురాల రెట్టలు. బ్రష్షుతో గోకి, పొడిగా లాగి, తర్వాత దోమల మెష్ కడిగి, ఆఖరున అద్దం. డబుల్ బెడ్రూంలో ఐదు కిటికీలే కావచ్చు, మూలన ఉన్న త్రిబుల్ బెడ్రూంలో రెండు బాల్కనీల గ్లాస్ డోర్లు కూడా ఉంటాయి. రెంటికీ 900 తీసుకుంటే రెండో ఇంట్లో సగం పని ఉచితంగా చేసినట్టే. అద్దం పలకకు ఇంత, ట్రాక్, మెష్ కలిపి ఇంత అని రేటు కట్టి ముందే చెప్పండి. మొదటిసారి మురికి ఎక్కువ కాబట్టి కాస్త ఎక్కువ, మూడు నెలల్లో మళ్లీ పిలిస్తే కాస్త తక్కువ. ఈ తేడా వల్లనే కస్టమర్లు మళ్లీ పిలుస్తారు.

బోరు నీళ్లతో చేస్తే ఆరాక తెల్ల మచ్చలు తేలతాయని మీకు తెలిసే ఉంటుంది. ఆఖరి తుడుపుకి ఐదు లీటర్ల ఆర్ఓ నీళ్లు వెంట తీసుకెళ్లండి. మొండి మరకలకని లేబుల్ లేని యాసిడ్ కొనొద్దు. కొన్నిటిలో ఉండే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ అద్దాన్ని తినేస్తుంది, చర్మంలోంచి లోపలికి వెళ్లి ప్రాణం మీదికి తెస్తుంది. కొత్త ఫ్లాట్లలో సిమెంటు, పెయింటు చుక్కలు గీకే పనికి రేటు ఎక్కువే. కానీ టఫెన్డ్ గ్లాస్ మీద బ్లేడు గీత పడితే ఆ పలక ఖరీదు మీ వారం సంపాదన. మొదలుపెట్టే ముందే ఉన్న గీతలు ఫోటో తీసి ఇంటివాళ్లకు వాట్సాప్‌లో పంపండి.

అప్పు దగ్గరికి వద్దాం. 3 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 6 వేలు, ఏడాదికి 24 శాతం. దాదాపు ఏడు ఫ్లాట్ల కిటికీలు కేవలం వడ్డీ కోసం చేయాలి, అసలు కదలదు. పైగా మీరు చెప్పిన పనికి ట్రాలీ ఆటో అక్కర్లేదు. మంచి స్క్వీజీలు (అద్దం మీది నీళ్లు లాగే రబ్బరు పట్టీలు) రెండు, సబ్బు నీళ్లు పట్టించే అప్లికేటర్, స్క్రాపర్, ఎక్స్‌టెన్షన్ పోల్, మైక్రోఫైబర్ బట్టలు, బకెట్లు, చిన్న అల్యూమినియం నిచ్చెన, ట్రాక్‌లకు చిన్న వాక్యూమ్ క్లీనర్, అన్నీ 15 వేల లోపు సర్దుకోవచ్చు. బండి మీదే వెళ్లొచ్చు. మిగిలిన 65 వేలు ముట్టుకోకండి. మీ ఆవిడ 8 వేలు వస్తుంటే, మీకు రూపాయి రాకపోయినా అది మూడున్నర నెలలు ఇంటిని నడుపుతుంది. రేపు నిజంగా మెషిన్ అవసరమైతే బ్యాంకులో ముద్ర శిశు లోన్ అడగండి, 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. దానికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు, పనికొస్తుంది. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం, ఎవరైనా రెండు వేలు అడిగితే ఇవ్వకండి.

చిట్టీ ఇప్పుడు పాడితే తగ్గింపు పోగా చేతికొచ్చేది తక్కువ, మిగిలిన తొమ్మిది వాయిదాలూ కట్టాల్సిందే. 45 వేలు. ఉద్యోగం ఉండగా ఎన్ని వాయిదాలు తీరితే అంత మంచిది. ఆఖర్లో తీసుకుంటే ఆ డబ్బు మొత్తం మీకు అండగా ఉంటుంది. అది రిజిస్టరైన చిట్టీ కాకపోతే నడిపేవాళ్ల మీద ఓ కన్నేసి ఉంచండి.

ఉద్యోగం మానకుండా ఇదంతా ఎలా అంటారా? ఏజెన్సీలో సెకండ్ షిఫ్ట్ అడగండి. మధ్యాహ్నం డ్యూటీ అయితే పొద్దున తొమ్మిదిన్నర నుంచి షాపులు చేసుకోవచ్చు. పది షాపులు, ముప్పై ఇళ్లు రెండోసారి కూడా పిలిచాక రాజీనామా ఇవ్వండి. మీరు పనిచేసే ఆఫీసునే కస్టమర్‌గా లాక్కోవద్దు, మీ పేరు పాడవుతుంది.

మానేశాక పీఎఫ్ డబ్బు తీయకండి. మీకు ఏడేళ్ల సర్వీసుంది, పెన్షన్‌కి పదేళ్లు కావాలి. మీ పెన్షన్ సర్వీసు ఎంతో రాసి పీఎఫ్ ఆఫీసు ఇచ్చే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే ఎప్పుడైనా మళ్లీ ఉద్యోగంలో చేరినప్పుడు ఆ ఏడేళ్లు కలుస్తాయి. ఈఎస్ఐ కార్డు ఎప్పటిదాకా చెల్లుతుందో అడిగి తెలుసుకుని, ఆ లోపే ముగ్గురికీ కలిపి హెల్త్ పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. రేషన్ కార్డుంటే రాజీవ్ ఆరోగ్యశ్రీలో 10 లక్షల దాకా పెద్ద చికిత్సలకు అండ ఉంది, అదీ చూసుకోండి.

ఇక ఎత్తు సంగతి. ఇది గట్టిగా చెప్తున్నాను. పెద్ద బిల్డింగుల బయటి అద్దాలు తాడు మీద దిగి చేసే పని శిక్షణ, రెండు తాళ్లు, పైన చూసే మనిషి, కంపెనీ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లది. ఒంటరిగా పట్టొద్దు. ఫ్లాట్లలో కూడా లోపల నిలబడి పోల్‌తో అందినంతే చేయండి. అందని అద్దానికి డబ్బు తీసుకోవద్దు. ‘ఆ సన్‌షేడ్ మీదికి దిగి తుడిచెయ్యి, ఇంకో 200 ఇస్తా’ అనేవాళ్లు తగులుతారు. దిగకండి. మీ ఇంట్లో సంపాదన మీ రెండు చేతుల మీద ఉంది.

బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే సురక్షా బీమా, 436 రూపాయల జీవన్ జ్యోతి వెంటనే పెట్టించుకోండి. ఒకటి ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు, రెండోది ఏ కారణంతో పోయినా 2 లక్షలు. కానీ నిచ్చెన మీంచి జారి కాలు విరిగి రెండు నెలలు మంచాన పడితే ఈ రెండూ ఏమీ ఇవ్వవు. పనిలేని వారాలకు ఇంత అని ఇచ్చే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ వేరే ఉంటుంది. ‘తాత్కాలిక వైకల్యం’ కవర్ ఉందా అని అడిగి, మీ పని ఏమిటో ఫారంలో ఉన్నదున్నట్టు రాసి తీసుకోండి. పని దాచి తీసుకున్న పాలసీ క్లెయిమ్ రోజున పనికిరాదు.

డబ్బు వచ్చే దారి ఒకటి, ఇంటికి వెళ్లే దారి ఒకటి ఉండాలి. యూపీఐ క్యూఆర్‌ని వేరే ఖాతాకు పెట్టండి. ప్రతి నెలా 1న అందులోంచి ఇంటి ఖాతాకు 18 వేలు పంపండి, అదే మీ జీతం. దసరా నెలలో 50 వేలు వచ్చినా 18 వేలే. ఆ మిగులే మళ్లీ జులైలో మీ జీతం. ఆ ఖాతా వివరాలు మీ ఆవిడ ఫోన్‌లో కూడా కనపడేలా పెట్టండి. ఆమె టెన్షన్ సగం దాంతోనే తగ్గుతుంది.

పన్ను గురించి భయం వద్దు. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆదాయపు పన్నులో చిన్న వ్యాపారాలకు వసూళ్లలో ఇంత శాతం అని లాభంగా చూపించే పద్ధతి ఉంది: డిజిటల్‌గా వచ్చినదానికి కనీసం 6 శాతం, నగదుకు 8 శాతం. మీ స్థాయిలో పన్ను పడదు. అయినా నాలుగో నంబరు రిటర్న్ (ఐటీఆర్-4) ఏటా వేయండి. ఏదైనా కంపెనీ మీ బిల్లులో 1 శాతం టీడీఎస్ (ముందస్తు పన్ను) కోస్తే దాంతోనే వెనక్కొస్తుంది, రేపు లోన్‌కి ఆదాయం రుజువూ అదే.

నలుగురిని పెట్టుకోవాలన్నారు. మొదటి మనిషిని పెట్టుకునేది మీ నోట్‌బుక్‌లో షాపులు 20 దాటి, ఇళ్లు 70 దాటి, కొత్తవాళ్లకు తేదీ ఇవ్వలేక రెండు వారాలు ఆగమంటున్నప్పుడు. అతని రెండు నెలల జీతం పని ఖాతాలో ముందే ఉండాలి, అతని ప్రమాద బీమా మొదటి రోజుకే మొదలవ్వాలి. ట్రాలీ ఆటో మాట అప్పుడు, మీ ఆవిడతో కలిసి ఆ ఏడాది ఖాతా చూసుకున్నాక మాట్లాడుకుందాం.