పోలండుకు పలకలు పంపే ముందు

చి. అమ్మాయికి,
బాబాయి ఆశీస్సులు.

పోలండు ఆర్డరు వచ్చిందని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషమేసింది. చీమకుర్తి నల్ల గ్రానైటుకి, అదే గెలాక్సీ రాయికి కొనేవాళ్ళు దొరుకుతారమ్మా. వాళ్ళిచ్చే డబ్బులో ఓడ ఖర్చులు పోను మనకు మిగలడమే కష్టం. అందుకే ఇదంతా రాస్తున్నా.

ముందు కొటేషన్ సంగతి. రాయి రేటు, ఫ్రైటు (ఓడ కిరాయి) కలిపి ఒకే అంకె వేసి పంపొద్దు. 2023 నవంబరు నుంచి ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా లైన్లు (ఓడల కంపెనీలు) సూయెజ్ కాలువ వదిలేసి ఆఫ్రికా కొస చుట్టూ తిరిగాయి. రెండు వారాల దాకా ఆలస్యం, పైన సర్‌ఛార్జీలు. ఏ దారి ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో మన చేతిలో లేదు. వీలైతే ఎఫ్‌ఓబీ మీద ఒప్పించు, అంటే ఇక్కడ సరుకు ఓడ ఎక్కించేదాకే మన ఖర్చు. కుదరదు, ఓడ కిరాయి, ఇన్సూరెన్సు మనమే కట్టే సీఐఎఫ్ కావాలంటే ఫ్రైటు విడిగా చూపించి, కొటేషన్ తర్వాత లైను వేసే సర్‌ఛార్జీలు కొనేవాళ్ళే భరించాలని ప్రొఫార్మా (ముందస్తు ఇన్వాయిస్)లోనే రాయించు. మొహమాటపడకు. అనుభవం ఉన్న కొనుగోలుదారు దీనికి కోపం తెచ్చుకోడు. డబ్బుకి బ్యాంకు హామీ ఇచ్చే ఎల్‌సీ అయితే షిప్‌మెంట్ ఆఖరి తేదీ దగ్గరగా పెట్టించుకోకు, ఓడలు చెప్పిన రోజుకు రావు.

ఇన్సూరెన్సు దగ్గర మాత్రం పొదుపు చెయ్యకు. సీఐఎఫ్‌లో మనం కట్టాల్సిన కనీస కవరు క్లాజ్ సీ, అది కొన్ని పెద్ద ప్రమాదాలకే వర్తిస్తుంది. కుదుపులకు పలకలు పగిలితే దాని కింద పైసా రాదు. అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న క్లాజ్ ఏ తీసుకుని, పగుళ్ళకు మినహాయింపేమైనా పెట్టారేమో చదువు. యుద్ధం రిస్కు విడిగా కొనాలి, దాన్ని ఇన్సూరెన్సు వాళ్ళు ఏడు రోజుల నోటీసుతో రద్దు చెయ్యగలరు. 2021 మార్చిలో ఎవర్ గివెన్ సూయెజ్‌లో ఇరుక్కుంది కదా, తర్వాత ఆ ఓడ యజమానులు జనరల్ యావరేజ్ ప్రకటించారు. అంటే ఓడను కాపాడిన ఖర్చులో సరుకు వాళ్ళంతా వాటా పెట్టుకోవాలన్నమాట. ఇన్సూరెన్సు ఉన్నవాళ్ళ తరఫున కంపెనీ గ్యారంటీ ఇస్తుంది. లేనివాళ్ళు సొంత డబ్బు డిపాజిట్ కడితేగానీ సరుకు చేతికి రాదు.

ఇక బరువు. రెండు సెంటీమీటర్ల గెలాక్సీ పలక చదరపు మీటరుకు దగ్గర దగ్గర 60 కిలోలు. ఇరవై అడుగుల కంటైనరులో ఇంకా బోలెడు చోటు కనిపిస్తుంది, బరువు మాత్రం అప్పటికే నిండిపోయి ఉంటుంది. వీజీఎం డిక్లరేషన్‌లో (నింపిన కంటైనరు మొత్తం బరువు చెప్పే కాగితంలో) రాయి ఒక్కటే కాదు, చెక్క బరువు, ఖాళీ కంటైనరు బరువు కూడా కలవాలి. లెక్కకట్టి రాయొద్దు, కాటా వేయించు.

చెక్క అన్నాను కదా, లోడింగ్ రోజు నువ్వే దగ్గర నిలబడు. పలకల కట్టలకు (బండిళ్ళకు) వేసే చెక్కల మీద గోధుమ కంకి గుర్తు, దాని పక్కన దేశం కోడు, హెచ్‌టీ అక్షరాలు ఉండాలి. పురుగులు చచ్చేలా చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడి చేశారని దాని అర్థం. ఫ్రేములకు ముద్రలు బాగానే ఉంటాయి. చివర్లో బండిల్ కదులుతోందని కుర్రాళ్ళు పక్కన పడున్న పచ్చి చెక్క ముక్క తెచ్చి దిగ్గొడతారు. ఆ ఒక్క ముక్కకే అవతల కంటైనరు మొత్తం ఆపెయ్యొచ్చు.

షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కిచ్చే ఎగుమతి పత్రం) వేసేలోపు కస్టమ్స్ సైటు ఐస్‌గేట్‌లో మన బ్యాంకు ఏడీ కోడ్ ఎక్కి ఉండాలి. పాలిష్ పలకలు కస్టమ్స్ కోడ్ 6802 కింద, ముడి బ్లాకులు 2516 కింద వస్తాయి. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు, బీఎల్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) అన్నిట్లో సరుకు పేరు, బండిళ్ళ సంఖ్య, బరువు ఒకేలా ఉండాలి. డ్రాఫ్ట్ బీఎల్ రాగానే నువ్వే అక్షరం అక్షరం చదువు, సీహెచ్‌ఏకి (కస్టమ్స్ ఏజెంటుకి) వదిలెయ్యకు. అతనికి నీదొక్కటే ఫైలు కాదు.

రేవు విషయంలో దూరం చూసి నిర్ణయించకు. కృష్ణపట్నం దగ్గరే. కానీ నీకు కావాల్సిన ఓడ చెన్నైలో ముందు దొరికితే ఆ లారీ కిరాయి దండగ కాదు. అవతలి రేవులో ఫ్రీ డేస్ (అదనపు ఛార్జీ లేకుండా కంటైనరు ఉంచుకునే రోజులు) ఎన్నో బుకింగ్ అప్పుడే మెయిల్‌లో తీసుకో. సరుకు దిగాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

ప్రొఫార్మా పంపేలోపు ఒకసారి వాట్సాప్‌లో పెట్టు, చూసి చెప్తా. ఓడ బుకింగ్ చేసే ఫార్వార్డర్ ఇచ్చిన రేట్ల కాగితం కూడా పంపు.

మీ బాబాయి