ఫార్ములాలు నోటికొచ్చినా ఫిజిక్స్ లెక్కలు ఎందుకు రావట్లేదు?

తమ్ముడూ, ఫార్ములాలన్నీ వచ్చినా ఈఏపీసెట్ మోడల్ పేపర్లో ఏ లెక్కకు ఏది వాడాలో తోచట్లేదని రాశావు. గాజువాకలో ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెబుతుంటాను, చాలామందికి ఇదే ఇబ్బంది. ఫార్ములా జోలికి వెళ్లేముందు బొమ్మ గీయి. వస్తువు మీద ఏయే బలాలున్నాయో, ఒక్కోదాన్ని ఏది కలగజేస్తోందో రాయి.

లిఫ్ట్ లెక్కే తీసుకో. 50 కిలోల మనిషి లిఫ్ట్‌లో వెయింగ్ మెషీన్ మీద నిలబడ్డాడు. అతని మీద ఉన్నవి రెండే బలాలు. భూమి కిందికి లాగేది 500 న్యూటన్లు (గురుత్వ త్వరణం జి విలువ 10 అనుకుందాం), మెషీన్ పైకి నెట్టేది ఎన్. నికర బలం (బలాలన్నీ కలిపాక మిగిలేది) = ద్రవ్యరాశి × త్వరణం కదా. లిఫ్ట్ త్వరణం పైకి 2 అయితే, ఎన్ − 500 = 50 × 2. అంటే ఎన్ 600. త్వరణం కిందికి 2 అయితే 400.

మరి లిఫ్ట్ ఒకే వేగంతో పైకి వెళ్తుంటే? ఇక్కడే తడబడతారు. పైకి వెళ్తోంది కదా, 500 కంటే ఎక్కువే ఉండాలంటారు. కానీ వేగం మారట్లేదు కాబట్టి త్వరణం సున్నా, ఎన్ సరిగ్గా 500. వేగం మారడానికే నికర బలం కావాలి, ఉన్న వేగం అలాగే ఉండటానికి అక్కర్లేదు. ఇది ఒంటబట్టిందంటే మెకానిక్స్ టెన్షన్ చాలావరకు పోతుంది.

ఇంకో సంగతి. ఈ రెండు బలాలూ చర్య-ప్రతిచర్య జంట కాదు, ఎందుకంటే రెండూ ఒకే మనిషి మీద ఉన్నాయి. భూమి మనిషిని లాగడానికి జంట, మనిషి భూమిని లాగడం.

ఫ్లూయిడ్స్ చదివేటప్పుడు ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ చూసిరా. 91 మీటర్ల పొడవున్న ఆ జలాంతర్గామి మునగాలంటే ట్యాంకుల్లోకి సముద్రపు నీటిని తీసుకుని బరువు పెంచుకునేది. పూర్తిగా మునిగాక ఎంత లోతుకెళ్లినా ఉత్ప్లవన బలం (నీరు పైకి నెట్టే బలం) దాదాపు అంతే, పీడనం మాత్రం ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక అట్మాస్ఫియర్ పెరుగుతుంది. ఈ రెండింటినీ కలిపేసుకోకు.

పరీక్షలో 3 గంటలకు 160 ప్రశ్నలు, అందులో ఫిజిక్స్ 40. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ వదలకు. యూనిట్లు కుదరని ఆప్షన్లను ముందే కొట్టేయి.

ఈ వారం న్యూటన్ నియమాల లెక్కలకు బొమ్మలు మాత్రమే గీయి, జవాబులు తర్వాత చూద్దాం. ఎక్కడైనా ఆగిపోతే ఆ లెక్క కింద పెట్టు, నేను చూస్తాను.